ఆవకాయ వాసన పేలాలు

సుభద్ర నోటి సంగతి తెలియనివాళ్ళు నూజివీడు మామిడికాయల బజారులో లేరు. కాయను చూసి బేరమాడేవాళ్ళు చాలామంది ఉంటారు. కాయ తెచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, "ఇది పీచుకాయ నాయనా, నీలాగే పైకి నున్నగా ఉంది" అనగలిగింది మాత్రం ఆవిడొక్కతే. మొగుడు రాఘవయ్య మామిడికాయల వర్తకుడు. ముసునూరు, విస్సన్నపేట వైపు తోటలు గుత్తకి తీసుకుని కాయ లారీలకెత్తిస్తాడు. కొట్లో ఎంత గట్టి మనిషో ఇంట్లో అంత మెత్తన. ఇంట్లో మాట్లాడే పనంతా సుభద్రే చూసుకునేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని తిట్టని రోజూ లేదు, ఆయన నొచ్చుకున్న రోజూ లేదు.

అటువంటి సుభద్ర ఆ ఏడు ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ నోరు కట్టేసుకుంది.

దానికి కారణం మిరపకాయ బజ్జీలు. ఒకరోజు సాయంత్రం రాఘవయ్య కొట్టు దగ్గర బజ్జీలు తిని, మూతి కూడా తుడుచుకోకుండా ఇంటికొచ్చాడు. ఇంట్లో జంతికలు డబ్బా నిండా ఉండగా బజారు బజ్జీలు ఎందుకు తిన్నారని సుభద్ర అందుకుంది. ఆ నూనె ఎన్నాళ్ళదో, ఆ మూకుడు ఏ జన్మలో తోమిందో అంటూ ఆవిడ ఇంకా అసలు విషయంలోకి రానేలేదు. ఆయన గుండె పట్టుకుని అరుగు మీద కూలబడిపోయాడు. కారు మాట్లాడి బెజవాడ తీసుకుపోయారు. మనిషి దక్కాడు. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు రెండు ముక్కలు చెప్పాడు. ఉప్పు, నూనె బాగా తగ్గించాలి. ఇంట్లో కేకలు, గొడవలు ఉండకూడదు.

మొదటి ముక్క అందరూ విన్నారు. రెండోది సుభద్ర గుండెలో దిగబడిపోయింది. ఆ డాక్టరు వచ్చిన ప్రతివాడికీ అప్పగించే పాఠమే అది. ఆవిడ మాత్రం తనని ఉద్దేశించే అన్నాడనుకుంది. బజ్జీ కాదు, తన నోరే ఆయన గుండె మీద పడిందని తేల్చుకుంది. ఇంకొక్కసారి నోరు జారితే మనిషి దక్కడని భయపడింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని ఇంకో భయం.

దాంతో ఆ ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. ఉప్పు తగలని పప్పు, చప్పిడి కూర, నీళ్ళ చారు కంచంలో పెట్టి, సుభద్ర ఎదురుగా కూర్చునేది. ఆయన ఒక్కొక్క ముద్ద మింగుతుంటే గొంతు వైపూ గుండె వైపూ చూస్తూ ఉండేది. "ఇంకొంచెం పెట్టనా అండీ?" అని ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు అడిగేది. రాఘవయ్య తల వంచుకుని తినేవాడు. తిన్నాక వసారాలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేవాడు. బయట కాయ రోజులు. బజారంతా లారీల మోత, వరిగడ్డిలో మాగుతున్న రసాల వాసన. ఆయనకి అవేవీ పట్టినట్టు లేదు.

అట్లాంటప్పుడు దిగారు బెజవాడ నుంచి మరిది నారాయణరావు, అతని పెళ్ళాం ఉమ.

నారాయణరావు ఏజెన్సీల మనిషి. ఒక ఏడు పంకాలన్నాడు, ఇంకో ఏడు నీళ్ళ ఫిల్టర్లన్నాడు. ఏది పట్టినా మొదట సగం సరుకు అన్నగారింటికే చేరేది. ఆ ఫిల్టరు ఇప్పటికీ సుభద్ర వంటింట్లో చింతపండు దాచుకోవడానికి పనికొస్తోంది. ఈసారి మనిషంత అట్టపెట్టె మోయించుకుని వచ్చాడు. దాన్ని వసారాలో దింపించి, లోపల్నుంచి గాలికి ఉబ్బిన ఒక ప్లాస్టిక్ పొట్లం తీశాడు. పొట్లం మీద కండలు తిరిగిన ఒకడి బొమ్మ.

"అన్నయ్యా, ఇక నువ్వు నోరు కట్టేసుకోనక్కర్లేదు" అన్నాడు. "ఇది పాప్‌కార్న్. మద్రాసు కంపెనీది, రెడీమేడ్. కట్ చెయ్, తిను, అంతే. బొంబాయిలో డాక్టర్లే రాసిస్తున్నారంట గుండె జబ్బోళ్ళకి. నూనె లేదు, కొవ్వు లేదు, అసలేం లేదు!"

ఏమీ లేనప్పుడు తినడం దేనికో సుభద్రకి అర్థం కాలేదు. అయినా పెదవి బిగబట్టుకుంది.

"పైగా ఫ్లేవరు చూడు" అని నారాయణరావు పొట్లం తిప్పి చూపించాడు. "మ్యాంగో పికిల్! అంటే మన ఆవకాయే. నీకిష్టం కదాని ఏరి తెచ్చాను" అని పొట్లం విప్పాడు.

సుభద్రకి మాట నోటి చివరి దాకా వచ్చింది. వీధి చివరి దాకా మామిడికాయల గుట్టలున్న ఊరికి, ఇంటింటా జాడీలు ఎండబెడుతున్న రోజుల్లో, మద్రాసులో ఎవడో పొట్లం కట్టిన ఆవకాయ వాసనని మోసుకొచ్చాడు ఈ మహానుభావుడు. ఇటువంటి అవకాశం ఆవిడకి జన్మలో దొరికేది కాదు. అయినా మంచం మీద మనిషిని చూసి మింగేసింది.

ఉమ ఊరుకుంటే బాగుండేది. వారపత్రికలో వచ్చే డాక్టరు శీర్షిక ఒక్కటీ వదలకుండా చదివే మనిషి. "అక్కయ్యా, మీరింక ఆ జంతికల డబ్బా అటకెక్కించెయ్యండి" అంది నవ్వుతూ. "ఏళ్ళ తరబడి అంతంత నూనె పోస్తే ఎంతటి గుండైనా ఏమవుతుంది చెప్పండి. పాపం బావగారు, మీరు నొచ్చుకుంటారని తినేవారు."

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. సుభద్రకి కళ్ళు మండాయి. చెయ్యి కొంగు చివర మెలిపెడుతోంది.

అంతలో మూలనున్న పడక్కుర్చీ కదిలింది. అందులో అత్తగారు పార్వతమ్మ. ఆవిడకి చెవులు పోయి చాలాకాలమైంది గాని కళ్ళు బాగా పనిచేస్తాయి. "ఏంట్రా అవి, నారాయణా?" అని చెయ్యి చాచింది.

"పాప్‌కార్న్ అమ్మా!"

"ఆఁ?"

"పాప్... కార్న్!"

"పాపకి కానుపా? ఏ పాపకి?"

విసుగెత్తి నారాయణరావు నాలుగు గింజలు ఆవిడ అరచేతిలో పోశాడు. పార్వతమ్మ ఒకదాన్ని వెలుగుకి పట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక్కసారిగా అవి నిప్పులైనట్టు నేల మీదికి విదిలించేసింది.

"పేలాలు! ఒరే దరిద్రుడా, అన్నయ్య మంచమ్మీదుండగా ఇంట్లోకి పేలాలు తెచ్చావుట్రా!"

తొలి ఏకాదశి నాడు బెల్లం కలిపి పేలపిండి తింటే తిన్నట్టు. అదొక్కరోజే. తక్కిన రోజుల్లో పేలాలంటే పాడె ముందు దారిపొడుగునా చల్లుకుంటూ పోయేవి. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఆ మాటే ఎత్తరు. పొట్లం విప్పగానే సుభద్ర వాటిని పోల్చుకుంది. పోల్చుకున్నా, ఆ మాటని మనసులో కూడా అనుకోకుండా ఉండాలని అంతసేపూ తంటాలు పడుతోంది. ఇప్పుడు ముసలావిడ నట్టింట్లో పెట్టి అరిచింది.

"పేలాలు కాదండీ అత్తయ్యగారూ" అని ఉమ సర్దబోయింది. "ఇవి మిషను మీద చేసినవి."

అంతే. సుభద్రకి కట్టు తెగింది.

"మిషను మీద చేస్తే పేలాలు పారిజాతాలవుతాయా?" అంది. "మొక్కజొన్న పేలాలకి రంగు పూసి, సంచీలో గాలి ఊది, ఇంగ్లీషు పేరెట్టి తెచ్చాడు నీ మొగుడు! పొట్లం చూస్తే తలగడంత, లోపల చూస్తే గుప్పెడు. గాలి అమ్ముకుంటున్నారు, గాలి! ఆవకాయ వాసనంట! నూజివీడులో పుట్టి మద్రాసోడి దగ్గర ఆవకాయ వాసన కొనుక్కొచ్చేవాడికి ఆ దేవుడు ముక్కెందుకిచ్చాడో, మొహం బోసిగా ఉంటుందనా? పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఇంకా నయం, మంచినీళ్ళ వాసన నీళ్ళు తెచ్చాడు కాదు!"

అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మంచం వైపు తిరిగింది. ఎంత పని చేసింది!

రాఘవయ్య లేచి కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళకి గోడవైపు కాకుండా ఇటు తిరిగి ఉన్నాడు. చెయ్యి గుండె మీద లేదు, పొట్లంలో ఉంది. రెండు గింజలు నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, "బానే ఉన్నాయిరా నారాయణా" అన్నాడు. "ఆ పెట్టె ఇక్కడే ఉంచెళ్ళు. రోజుకో పొట్లం తింటాను."

సుభద్రకి ఒళ్ళు మండిపోయింది. తన చేతి చెక్కలు, తన చేగోడీలు తిన్న నాలుకకి ఇవి బానే ఉన్నాయట! కాని ఆ మంటలోనే ఆవిడకో సంగతి తట్టింది. తను అంతగా అరిచినా ఆయనకేమీ కాలేదు. ఎందుకు కాలేదు? ఆయన్ని తిట్టలేదు గనక. తిట్టింది పేలాల్ని. మొగుణ్ణి తిట్టొద్దన్నాడు గాని, పేలాల్ని తిట్టొద్దని ఆ డాక్టరు చెప్పలేదు కదా.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో అదే వరస. భోజనాల దగ్గర సుభద్ర మళ్ళీ మూగదే. అవే చూపులు, అదే "పెట్టనా అండీ". సాయంత్రం కాగానే రాఘవయ్య పెట్టెలోంచి ఒక పొట్లం తీసి టప్పుమని చించేవాడు. ఆ చప్పుడు వినగానే ఎక్కడున్నా సుభద్ర వసారాలోకి వచ్చిపడేది.

"వచ్చాడండీ మద్రాసు మహారాజు!" అని మొదలుపెట్టేది. ఆ పొట్లం మీది కండల వీరుణ్ణి మొదట కడిగేది. వాడు ఇవి తినా ఆ కండలు పెంచింది? వాళ్ళమ్మ గడ్డపెరుగేసి పెంచుంటుంది, ఈ కంపెనీవాడు బొమ్మ ఎత్తుకొచ్చుంటాడు. తర్వాత గింజ పొట్టు. తినేది తక్కువ, పళ్ళ సందుల్లోంచి లాక్కునేది ఎక్కువ. ఇది తిండా, పళ్ళకి పనా? తర్వాత ఆ కాషాయం పొడి. పంచెకి అంటితే నాలుగు ఉతుకులకి వదల్దు, మరి కడుపులో ఎంతకాలం ఉంటుందో! నమిలితే దూది, మింగితే గాలి, మిగిలేది రంగు. ఇంత ఆరోగ్యం ఎవరూ తట్టుకోలేరు. ఇదంతా ఆవిడ పొట్లాన్ని చూస్తూ అనేది. ఆయన వైపు పొరపాటున కూడా వేలు చూపించేది కాదు.

రాఘవయ్య దిండుకి ఆనుకుని వినేవాడు. మధ్యమధ్య, "ఏమైనా బెజవాడ వాళ్ళకి తెలివెక్కువే" అని ఒక మాట విసిరేవాడు. దానికి ఇంకో అరగంట. మెల్లగా ఆయన మొహంలో రంగు తేలింది. వీధి అరుగు దాకా నడుస్తున్నాడు, కొట్లో గుమస్తాని పిలిపించుకుని కాయ సంగతులు అడుగుతున్నాడు. పక్కింటి పాల నాగేంద్రమ్మ గోడ మీంచి తల పెట్టి, "అమ్మగారి గొంతు మళ్ళీ వీధిలోకి వినిపిస్తోందండీ, బాబుగారికి నెమ్మదించినట్టేనండీ" అంది.

ఉమ ఈ సంగతి విని, అంతా పాప్‌కార్న్ మహిమేనని బెజవాడంతా చెప్పుకుందట. సుభద్ర ఆ ముక్క విని రెండు పూటలు అన్నం సరిగా తినలేకపోయింది. అయినా గింజ ముట్టలేదు. శత్రువు ఇంటి నీళ్ళు తాగనట్టు, ఒక్క పేలం కూడా నోట్లో వేసుకుని ఎరగదు.

ఆవకాయ కలిపే రోజు వచ్చింది. రోట్లో దంచిన కారం, ఆవపిండి, ఉప్పు, గానుగ నూనె అన్నీ వసారాలో చేరాయి. తుడిచి ఆరబెట్టిన జలాల మామిడికాయ ముక్కలు పెద్ద బేసిన్లో పోసి, సుభద్ర మోచేతుల దాకా ముంచి కలుపుతోంది. ప్రతి ఏడూ కలపడం కాగానే ముక్కలు జాడీకెత్తి, ఆ బేసిన్లోనే వేడన్నం పోసి, అంచులకంటిన గుజ్జంతా తుడిచేలా కలిపి, మొదటి ముద్ద రాఘవయ్య చేతిలో పెట్టేది. ఈ ఏడు ఆయన ఉప్పు ముట్టకూడదు. అందుకే అన్నం వండలేదు. ఆయన ముందు కలపడానికే ఆవిడకి మనసొప్పడం లేదు. తల ఎత్తడం లేదు, మాట లేదు.

ఎదురుగా మంచం మీద రాఘవయ్య కాసేపు చూశాడు. ఆవిడ ఏమీ అనడం లేదు. పొట్లం చించాడు. అప్పటికీ ఏమీ అనలేదు.

"సుభద్రా" అన్నాడు చివరికి. "నిజం చెప్పొద్దూ, నీ ఆవకాయకీ దీనికీ పెద్ద తేడా ఏం తెలీడం లేదే."

సుభద్ర చేతులు బేసిన్లో ఆగిపోయాయి.

"ఏంటీ?"

"ఆ మాటకొస్తే ఇదే ఒక పాలు మెరుగేమో."

సుభద్ర లేచింది. కారం చేతులు కొంగుకి తుడుచుకుని, పొట్లం లాక్కుని, గుప్పెడు పేలాలు తీసి నోట్లో కుక్కుకుంది. ఎంత చెత్తగా ఉన్నాయో నోరారా చెప్పడానికే. ఒకసారి నమిలింది. రెండోసారి నమలలేకపోయింది.

ఉప్పు. ఉత్త ఉప్పు. నాలుక చుర్రుమంది. కింద ఉన్న ఆవకాయ ముక్కలో కూడా అంత ఉప్పు లేదు. దాని వెనకే మాడిన నూనె కమురు. నూనె లేదు, కొవ్వు లేదు, అసలేం లేదన్న సరుకు అది.

సుభద్ర అట్లాగే నేల మీద చతికిలబడిపోయింది. పప్పులో చిటికెడు వెయ్యమని ఆ మనిషి కళ్ళతో బతిమాలితే, ఏడుపు దిగమింగుకుని వెయ్యకుండా ఉంది తను. అటు తన కళ్ళెదుటే, రోజుకో పొట్లం చొప్పున ఈ విషం లోపలికి పోతోంది. తను దాని బొమ్మనీ రంగునీ ఎగతాళి చేస్తూ కూర్చుంది. అన్నీ అంది గాని, ఒక్కసారి నోట్లో వేసుకుని చూడలేదు. అంత పొగరు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కారం చేత్తో తుడుచుకోవడానికి లేదు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

ఆ మౌనానికి రాఘవయ్య హడలిపోయాడు.

"ఏమే, ఏమైంది? తిట్టవే! ఏదో ఒకటి అనవే!" అంటూ మంచం దిగి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఉప్పనా? నాకు తెలీదనుకున్నావా? మొదటి రోజు నోట్లో పడగానే తెలిసింది. నేను తిన్లేదే."

సుభద్ర తలెత్తింది.

"నువ్వు చూస్తున్నప్పుడు రెండు గింజలు బుగ్గన పెట్టుకునేవాణ్ణి. తక్కినదంతా గోడవతలకి. నాగేంద్రమ్మ గేదెకి. పాపం అది కూడా మొదట్లో మూతి తిప్పుకుంది."

"మరి... మరి ఎందుకండీ ఈ నాటకం?" అని అడిగింది.

రాఘవయ్య ఆవిడ చేతిలోని పొట్లం తీసుకున్నాడు. ఆయనకి మాటలు అలవాటు లేవు.

"ఇది చించినప్పుడే కదే నువ్వు మాట్లాడేది" అన్నాడు. "ఆసుపత్రి నుంచి వచ్చిన కాణ్ణుంచీ ఆ కంచం పెట్టడం, ఆ చూపులు చూట్టం. నేను పోయినట్టే చూస్తున్నావు నన్ను. ముద్ద దిగేది కాదు. ఇదిగో, ఈ చెత్త పొట్లం చించితే నా పెళ్ళాం వచ్చేది. అరగంటో గంటో ఉండి పోయేది."

"నా నోటి మూలానే కదండీ మీకు..." అంది సుభద్ర.

"ఆ రోజా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. "ఆ రోజు కళ్ళు చీకట్లు కమ్మాక ఏం కనపళ్ళేదు. నీ గొంతొకటే వినపడింది. మూకుడనో ఏదో అంటున్నావు. ఆ తిట్టు పూర్తిగా విందామని పట్టుకుని ఉన్నానే. నువ్వు గాని ఊరుకునుంటే పోయేవాణ్ణి."

సుభద్ర ఆయన మొహంలోకి చూసింది. గుండె వైపు కాదు, మొహంలోకి. తర్వాత ముక్కు ఎగబీల్చి, ఊపిరి నిండా పీల్చుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారన్నమాట!" అంది. గొంతు ఇంకా వణుకుతోంది గాని, మాట మాటకీ గట్టిపడుతోంది. "మూతి ముడుచుకుని గోడకేసి తిరిగి పడుకుంటే నాకెట్లా తెలుస్తుందండీ మనిషికేం కావాలో? నోట్లో నాలుక లేదా మీకు, అది కూడా బెజవాడ ఆసుపత్రిలో వదిలేసొచ్చారా? నా ఆవకాయకీ ఆ గడ్డికీ తేడా తెలీదంటారా? గేదెకి తెలిసిన తేడా మీకు తెలీలేదా? పెళ్ళాం తిట్లు కావాలంటే అడిగి తిట్టించుకోవాలి గాని, మద్రాసు నుంచి తెప్పించుకుంటారా!"

కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తిట్లు ఆగలేదు. జబ్బు చేశాక మొట్టమొదటిసారి వేలు తిన్నగా ఆయన మీదికే చూపిస్తోంది. రాఘవయ్య నేల మీదే బాసింపట్టు వేసుకుని సర్దుకుని కూర్చున్నాడు. ఆ ఊపు కాస్త తగ్గేదాకా ఆగి, బేసిన్ వైపు చూసి, "ఇంత అన్నం వేసి ఒక్క ముద్ద..." అన్నాడు.

"ముద్దా లేదు, గిద్దా లేదు!" అని అరిచింది సుభద్ర. "ఉప్పు వాసన తగిలిందంటే చేతులు విరగ్గొడతాను. లేవండి, కాళ్ళు కడుక్కుని రండి. చప్పిడి పప్పు పెడతాను, వంక పెట్టకుండా తినండి."

రాఘవయ్య కాళ్ళు కడుక్కొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడ తిడుతూనే వడ్డించింది. ఆయన ఇంకొంచెం పప్పు వేయించుకుని మరీ తిన్నాడు.